పెద్ద అణువుకు చిన్న వాకిలి

గ్లిజరాల్‌లో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి వేడిచేస్తే ఏమవుతుందో కెమిస్ట్రీ చదివినవాళ్ళు ఇట్టే చెబుతారు. నల్లబడుతుంది, నురగ కక్కుతుంది, చివరికి పాత్ర అడుగున మాడు మిగులుతుంది. ఎవరైనా ఆ మాడు పారేసి పాత్ర తోముకుంటారు. సికింద్రాబాద్ పక్కన తార్నాకలో ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ)లో బి.ఎల్.ఎ. ప్రభావతీదేవి, ఆర్.బి.ఎన్. ప్రసాద్, వారి సహచరులు మాత్రం ఆ మాడు కోసమే ఈ పని చేశారు. సుమారు 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర నురగ అణిగేదాకా ఉంచి, చల్లార్చి, కడిగిన నీళ్ళలో ఆమ్లం జాడ లేకుండా పోయేదాకా కడిగి, ఆరబెట్టారు. మిగిలిన నల్లటి పొడి చూడ్డానికి మామూలు బొగ్గే. అయితే అందులోని కార్బన్ పలకలను సల్ఫోనిక్ ఆమ్ల సమూహాలు గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఈ ఆమ్లం ఒలకదు, పని అయ్యాక వడగట్టి మళ్ళీ వాడుకోవచ్చు.

2009లో వెలువడిన ఆ పరిశోధన బయోడీజిల్ తయారీ కోసం జరిగింది. బయోడీజిల్ చేసేటప్పుడు పక్కన మిగిలిపోయేది గ్లిజరాలే. ఆ మిగులుతోనే బయోడీజిల్‌కు ఉత్ప్రేరకం తయారుచేయడం అందులోని చమత్కారం.

ఐఐసీటీ చరిత్ర హైదరాబాద్ సంస్థానం నాటిది. 1944లో సంస్థానపు కేంద్ర ప్రయోగశాలలుగా మొదలై, 1956లో సీఎస్‌ఐఆర్ గొడుగు కిందికి వచ్చి రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ అయింది. 1989లో ఇప్పటి పేరు వచ్చింది. పాతవాళ్ళ నోట మాత్రం ఇంకా ఆర్‌ఆర్‌ఎల్లే. నూనెలు, మందులు, పురుగుమందులు, ఉత్ప్రేరకాలు ఒకే ఆవరణలో ఉండటం ఆ సంస్థకు మొదటినుంచీ కలిసొచ్చిన సంగతి. నూనె తెలిసినవాళ్ళూ ఆమ్లం తెలిసినవాళ్ళూ పక్కపక్కన పనిచేస్తే తప్ప గ్లిజరాల్ మాడు వంటి ఆలోచన పుట్టడం కష్టం.

ఇంతకీ ఆమ్లాన్ని గట్టి పదార్థంగా మార్చాల్సిన అవసరం ఎందుకొచ్చింది? కానుగ నూనె దగ్గర మొదలుపెడితే సులువుగా తెలుస్తుంది.

కానుగ చెట్టు తెలుగువాళ్ళకు కొత్త కాదు. రోడ్ల పక్కన, చెరువు గట్ల మీద, పొలాల అంచున అదే పెరుగుతుంది. గింజలో నూనె ఉంది కానీ చేదు, తినడానికి పనికిరాదు. దీపాలకూ సబ్బులకూ వాడేవారు. ఆదిలాబాద్ ప్రాంతంలోని పవర్‌గూడ అనే ఆదివాసీ గ్రామం కానుగ నూనె తీసే పని చేపట్టింది. ఆ నూనె డీజిల్ స్థానంలో వాడితే గాలిలో చేరకుండా తప్పే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు ప్రతిఫలంగా 2003లో ప్రపంచబ్యాంకు ఆ ఊరికి 645 డాలర్లు చెల్లించింది. మొత్తం చిన్నదే. కానీ కానుగ మీద ఎంత ఆశ పెట్టుకున్నారో చెప్పడానికి ఆ ఒక్క లెక్క చాలు.

నూనె అణువును దగ్గరగా చూస్తే, ఒక గ్లిజరాల్‌కు మూడు పొడవాటి కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. ఆ మూడింటినీ విడదీసి, ఒక్కోదానికి మిథనాల్ తగిలిస్తే బయోడీజిల్ అవుతుంది. కాస్టిక్ సోడా వంటి క్షారం సమక్షంలో ఈ పని త్వరగా జరుగుతుంది. చిక్కల్లా నూనెలో అప్పటికే విడిపోయి తిరుగుతున్న కొవ్వు ఆమ్లాలతో వస్తుంది. అవి సుమారు ఒక శాతం దాటితే క్షారం వాటితో కలిసి సబ్బు చేసేస్తుంది. బయోడీజిల్, గ్లిజరాల్, సబ్బు, నీళ్ళు కలిసి విడదీయరాని చిక్కటి రసమైపోతుంది. తడి తగిలిన కానుగ గింజల్లో ఈ విడి ఆమ్లాలు శాతాల్లో కాదు, పదుల శాతాల్లో ఉండొచ్చు. తవుడు నూనెదీ ఇదే కథ. బియ్యం ఆడించిన వెంటనే తవుడులోని ఎంజైము నూనెను కొరకడం మొదలుపెడుతుంది. తవుడు నిల్వ ఉన్నకొద్దీ ఆమ్లం పెరుగుతుంది.

ఆమ్ల ఉత్ప్రేరకానికి ఈ బెడద లేదు. విడి కొవ్వు ఆమ్లాన్నీ, నూనెనూ రెండింటినీ బయోడీజిల్‌గా మార్చగలదు. అయితే ద్రవ సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడితే పాత్రలు తుప్పుపడతాయి. పని అయ్యాక దాన్ని సున్నంతోనో సోడాతోనో చంపాలి. అప్పుడు మిగిలే ఉప్పునీళ్ళు ఎక్కడ పోయాలన్నది ఇంకో తలనొప్పి. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల వ్యర్థ జలాలు కలిసిన నక్కవాగు సంగతి తెలిసినవారికి ఇది పుస్తకాల సమస్య అనిపించదు. గట్టి ఆమ్లమైతే వడగడితే వస్తుంది. చంపక్కర్లేదు, పారబోయక్కర్లేదు.

ఇక్కడిదాకా కథ సాఫీగానే ఉంది. ఘన ఆమ్లాలు పరిశ్రమలో దశాబ్దాలుగా ఉన్నాయి కూడా. మరి ఉన్నవాటినే తెచ్చి నూనెలో ఎందుకు వేయలేదు? అణువు పరిమాణమే అడ్డం. నీటి అణువు భారం 18 ప్రమాణాలైతే మామూలు నూనె అణువుది 880 చిల్లర. దాని కాళ్ళు ఒక్కొక్కటి సుమారు 2 నానోమీటర్ల పొడవు. పరిశ్రమ నమ్ముకున్న ఘన ఆమ్లాల రంధ్రాలేమో ఒక నానోమీటరులో సగమో, ముప్పావో ఉంటాయి.

ఆ ఘన ఆమ్లాల పేరు జియోలైట్లు. 1756లో స్వీడన్ ఖనిజ శాస్త్రవేత్త ఆక్సెల్ క్రాన్‌స్టెట్ ఒక రాతిముక్కను మంటలో కాల్చి, అది ఉడుకుతున్నట్టు బుసబుసమంటూ ఆవిరి వదలడం గమనించి ఆ పేరు పెట్టాడు. రాయిలోపల కంటికి కనిపించని రంధ్రాల్లో నీళ్ళు దాగి ఉండటమే దానికి కారణం. సికింద్రాబాద్ నిలబడ్డది గ్రానైట్ మీద. పడమరగా వికారాబాద్ వైపు పోతే గ్రానైట్‌ను కప్పేస్తూ దక్కన్ లావా పొరలు మొదలవుతాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ళనాటి ఆ లావా చల్లారేటప్పుడు ఏర్పడిన గాలిబుడగల్లో నీళ్ళు చేరి మెల్లగా స్ఫటికాలను పెంచాయి. మహారాష్ట్రలోని పుణె, నాసిక్, జల్‌గావ్ క్వారీల్లో దొరికే జియోలైట్ గుత్తులు ప్రపంచంలోని పెద్ద మ్యూజియాల్లో కనిపిస్తాయి.

ఫ్యాక్టరీలు వాడేది ఆ రాళ్ళను కాదు. సిలికా, అల్యూమినా, సోడా కలిపి ఆటోక్లేవుల్లో ఉడికించి చేసిన కృత్రిమ జియోలైట్లను. సిలికాన్, ఆక్సిజన్ అల్లుకున్న చట్రంలో అక్కడక్కడ సిలికాన్ బదులు అల్యూమినియం కూర్చుంటుంది. సిలికాన్‌కు నాలుగు ఆవేశాలు, అల్యూమినియంకు మూడు. కాబట్టి అది కూర్చున్న ప్రతిచోటా ఒక రుణావేశం మిగులుతుంది. దాన్ని సరిచేయడానికి ముందు సోడియం వస్తుంది. సోడియాన్ని అమ్మోనియంతో మార్చి, వేడిచేసి అమ్మోనియాను తరిమేస్తే ఒంటరి ప్రోటాన్ మిగులుతుంది. ఇదే ఘన ఆమ్లం. ఆ ప్రోటాన్ ఎదుటి అణువుమీదికి దూకితే చాలు, గట్టి బంధాలు కూడా వదులవుతాయి.

రంధ్రాల కొలతలు ఒక్కో జియోలైట్‌కు ఒక్కో రకం, స్ఫటికం పొడవునా ఒక్క తేడా లేకుండా. సోడియం రూపంలో ఉన్న జియోలైట్-ఎ ద్వారం 0.4 నానోమీటర్లు. జెడ్‌ఎస్‌ఎమ్-5ది సుమారు 0.55. జియోలైట్-వైది 0.74. మొబిల్ కంపెనీకి చెందిన పాల్ వైజ్ బృందం 1960లో ఒక సంగతి బయటపెట్టింది. ఈ రంధ్రాలు ఏ అణువు లోపలికి రావాలో, ఏది తయారై బయటికి పోవాలో కూడా ఎంచుకుంటాయి. పెట్రోకెమికల్ పరిశ్రమ ఆ ఎంపిక మీదే కోట్లు సంపాదించింది. బారుగా ఉండే పారాజైలీన్ జెడ్‌ఎస్‌ఎమ్-5లోంచి చప్పున జారిపోతుంది, దాని తోబుట్టువులు వంకరగా ఉండటంతో లోపలే ఆగి మళ్ళీ రూపం మార్చుకుంటాయి. మన పాలియెస్టర్ చీర వెనక ఆ పారాజైలీనే ఉంది.

చిన్న అణువులకు వరమైన ఈ గుణమే పెద్ద అణువులకు శాపం. ఇక్కడ పొడవూ వెడల్పూ ఒకటి కాదని గుర్తుంచుకోవాలి. ఒక విడి కొవ్వు ఆమ్లం పొడవుగా ఉన్నా సన్నగా ఉంటుంది. తలొంచుకుని జెడ్‌ఎస్‌ఎమ్-5లోకి కూడా దూరగలదు, కాకపోతే నిదానంగా. మూడు కాళ్ళ నూనె అణువు దూరలేదు. మూడు కొమ్మలున్న ట్రైఐసోప్రొపైల్ బెంజీన్ వెడల్పు సుమారు 0.95 నానోమీటర్లు, జియోలైట్-వై ద్వారంకన్నా ఎక్కువ. ఉత్ప్రేరకం బయటి ముఖం ఎంత పనిచేస్తోందో తూచడానికి శాస్త్రజ్ఞులు దాన్నే పరీక్షగా వాడతారు. లోపలికి పోలేదు కనుక, అది విరిగిందంటే బయటే విరిగినట్టు.

ఒక గ్రాము జియోలైట్-వై లోపలి గోడలన్నీ పరిస్తే 700 చదరపు మీటర్ల పైమాటే. పెద్ద అణువు ముందు అందులో చాలావరకు తలుపు మూసిన ఇల్లే.

అయినా విశాఖపట్నంలో రోజూ ఇదే జియోలైట్-వై పెద్ద అణువులను ముక్కలు చేస్తోంది. 1957లో కాల్టెక్స్ కట్టి, 1978లో హెచ్‌పీసీఎల్‌లో కలిసిన విశాఖ రిఫైనరీలోని ఫ్లూయిడ్ కెటలిటిక్ క్రాకింగ్ యూనిట్లు, రిఫైనరీవాళ్ళ మాటల్లో ఎఫ్‌సీసీలు, చేసే పని అదే. ముడిచమురు మరిగించగా తేలిగ్గా ఆవిరి కాని బరువైన భాగం ఒకటి మిగులుతుంది. ఇరవై, ముప్పై, నలభై కార్బన్లున్న అణువులవి. వాటిని విరిస్తే పెట్రోలు, వంటగ్యాసు వస్తాయి. విరిచేది 60 నుంచి 80 మైక్రాన్ల గింజలున్న సన్నటి పొడి. అది నూనె ఆవిరితో కలిసి ద్రవంలా ప్రవహిస్తూ నిలువు గొట్టంలో పైకి ఎగురుతుంది. గొట్టంలో ఉష్ణోగ్రత 500 డిగ్రీలు దాటి ఉంటుంది, నూనె అక్కడ ఉండేది కొన్ని సెకన్లే. ఆ కొద్దిసేపట్లోనే ప్రతి గింజ మీదా కోక్ పేరుకుని నల్లబడుతుంది. పక్కనున్న రీజనరేటర్‌లో గాలి ఊది, దాదాపు 700 డిగ్రీల దగ్గర ఆ కోక్‌ను కాల్చేస్తారు. తెల్లబడిన వేడి గింజలు మళ్ళీ గొట్టం కిందికి వచ్చి, అదే వేడితో కొత్త నూనెను ఆవిరి చేస్తాయి.

ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. 1930లలో ఫ్రెంచివాడు యూజీన్ హూడ్రీ అమెరికాలో ఆమ్లంతో శుద్ధిచేసిన బంకమట్టితో నూనెను విరిచాడు. 1942లో లూసియానాలోని బాటన్‌రూజ్‌లో మొదటి ఎఫ్‌సీసీ యూనిట్ తిరిగింది. జియోలైట్ దాంట్లోకి వచ్చింది 1960ల మొదట్లో, మొబిల్ శాస్త్రవేత్తలు చార్లెస్ ప్లాంక్, ఎడ్వర్డ్ రొసిన్స్కీల చేతుల మీదుగా. ఆ ఒక్క మార్పుతో అదే ముడిచమురులోంచి పెట్రోలు దిగుబడి ఎంతో పెరిగింది.

ద్వారం 0.74 నానోమీటర్లే అయితే నలభై కార్బన్ల అణువు ఎలా విరిగింది? గింజ మొత్తం జియోలైట్ కాదు కనుక. జియోలైట్ స్ఫటికాలను చురుకైన అల్యూమినా, కేయొలిన్ మట్టి, ఒక జిగురు కలిపిన ముద్దలో పొదుగుతారు. ముద్దలోని రంధ్రాలు పెద్దవి, ఆమ్లం బలహీనం. జియోలైట్ రంధ్రాలు చిన్నవి, ఆమ్లం బలం. సికింద్రాబాద్ మోండా మార్కెట్ సందుల్లోకి లారీ దూరదు. రోడ్డు మీదే ఆగుతుంది. హమాలీలు బస్తాలు దించి, తోపుడుబండ్ల మీదికి మార్చి, సందులోపలి కొట్లకు చేరుస్తారు. ఎఫ్‌సీసీ గింజలో జరిగే పని సరిగ్గా ఇదే. పెద్ద అణువు వెలుపలి వెడల్పు రంధ్రాల్లో రెండు మూడు ముక్కలవుతుంది, ఆ ముక్కలు జియోలైట్ లోపలికి పోయి పెట్రోలై తిరిగొస్తాయి. వంటగ్యాసు ఇంకా కావాలంటే దీనికి కాస్త జెడ్‌ఎస్‌ఎమ్-5 కలుపుతారు. అది పెట్రోలు ముక్కలను మరింత సన్నగా కోసి ప్రొపిలీన్, ఎల్‌పీజీ పెంచుతుంది. వంటగ్యాసుకు గిరాకీ ఎక్కువున్న మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రం ఇండ్‌మాక్స్ పద్ధతిని తయారుచేసింది ఈ దారిలోనే.

ఇంకో సంగతి రిఫైనరీలు అనుకోకుండా నేర్చుకున్నాయి. జియోలైట్-వైను నీటి ఆవిరిలో బాగా కాలిస్తే చట్రంలోంచి కొంత అల్యూమినియం ఊడిపోతుంది. ఊడినచోట గుంటలు పడతాయి. అవి కలిసి కొన్ని నానోమీటర్ల వెడల్పున్న సొరంగాలవుతాయి. ఆవిరి తట్టుకునే శక్తి పెంచడానికి చేసిన పని పెద్ద అణువులకు దారి కూడా తెరిచింది.

ప్రయోగశాలల్లో ఉన్నవాళ్ళకు మాత్రం ఇలా గుంటలు పడటం నచ్చలేదు. పెద్ద రంధ్రాలున్న స్ఫటికాన్నే కట్టాలనుకున్నారు. 1988లో వర్జీనియాలో మార్క్ డేవిస్ బృందం 1.2 నానోమీటర్ల ద్వారమున్న వీపీఐ-5ను చేసింది. ఆమ్ల బలం లేదు, నిలకడా తక్కువ. 1992లో మొబిల్ వాళ్ళు సబ్బు అణువుల చుట్టూ సిలికాను అల్లి, ఆపైన సబ్బును కాల్చేసి ఎంసీఎం-41 తయారుచేశారు. 2 నుంచి 10 నానోమీటర్ల రంధ్రాలు తేనెపట్టు గదుల్లా వరసగా, గ్రాముకు సుమారు 1000 చదరపు మీటర్ల గోడ. రసాయన ప్రపంచం పండగ చేసుకుంది. 1998లో శాంటాబార్బరా నుంచి వచ్చిన ఎస్‌బీఏ-15లో రంధ్రాలు 30 నానోమీటర్ల దాకా పోయాయి. వేల పరిశోధన పత్రాలు వచ్చాయి. కానీ ఎఫ్‌సీసీ యూనిట్లలో జియోలైట్-వైను దించి ఆ స్థానంలో ఎంసీఎం-41 కూర్చోలేదు. రంధ్రాలు వరసగా ఉన్నా గోడల్లో స్ఫటిక నిర్మాణం లేదు. గాజులా అస్తవ్యస్తంగా ఉంటాయి. అందువల్ల ప్రోటాన్ బలంగా ఉండదు. వేడి ఆవిరి తగిలితే గోడలు కూలిపోతాయి. దారి వెడల్పు చేసే హడావిడిలో దుకాణాన్నే పడగొట్టారని ఆ తొలి ఏళ్ళ గురించి అనుకోవాలి. ఈ వ్యాసకర్త దృష్టిలో ఆ పత్రాల్లో చాలా భాగం పరిశ్రమకు పనికొచ్చినది తక్కువ, పరిశోధకుల బయోడేటాకు పనికొచ్చినది ఎక్కువ.

పనికొచ్చిన మలుపు వేరే వైపునుంచి వచ్చింది. రంధ్రాన్ని వెడల్పు చేయకుండా స్ఫటికాన్నే పలుచన చేయడం. అణువు లోపలికి పోయి రావడానికి పట్టే సమయం దూరానికి వర్గంగా పెరుగుతుంది. ఒక మైక్రాన్ మందమున్న స్ఫటికాన్ని పదోవంతుకు తగ్గిస్తే ప్రయాణ సమయం నూరోవంతు అవుతుంది. కొరియాలో దేజాన్ నగరంలోని కాయిస్ట్‌లో ర్యోంగ్ ర్యూ బృందం 2009లో 2 నానోమీటర్ల మందమున్న జెడ్‌ఎస్‌ఎమ్-5 రేకులు పెంచి చూపింది. రేకు అంత పలుచనైతే ప్రోటాన్లలో గణనీయ భాగం బయటి ముఖం మీదే ఉంటుంది. పెద్ద అణువు లోపలికి దూరాల్సిన పనే తగ్గుతుంది. మరోవైపు జేవియర్ గార్సియా మార్టినెజ్ స్థాపించిన రైవ్ టెక్నాలజీ, జియోలైట్-వై స్ఫటికంలోకే సబ్బు అణువుల సాయంతో క్రమమైన సొరంగాలు తవ్వే పద్ధతిని రిఫైనరీల దాకా తీసుకెళ్ళింది. 2019లో గ్రేస్ కంపెనీ దాన్ని కొనేసింది. స్ఫటికం బలం స్ఫటికానికి ఉంచి, మధ్యలో రోడ్లు వేయడం వల్లే అది నిలబడింది.

లోపలికి పోవడం అసలు అవసరమా అన్న ప్రశ్నకు జపాన్‌లో ఒక జవాబు దొరికింది. నైలాన్‌కు ముడిసరుకైన కాప్రోలాక్టంను సుమిటోమో కంపెనీ 2003లో నీహామాలో సిలికా ఎక్కువున్న, జెడ్‌ఎస్‌ఎమ్-5 తరహా స్ఫటికం మీద తయారుచేయడం మొదలుపెట్టింది. పాత పద్ధతిలో సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడి, టన్నులకొద్దీ అమ్మోనియం సల్ఫేట్ మిగిల్చేవారు. కొత్త పద్ధతిలో చర్య ఎక్కువగా రంధ్రాల ముఖద్వారం దగ్గరే జరుగుతుందని పరిశోధకుల అభిప్రాయం.

హైదరాబాద్‌కు ఇదంతా దగ్గరగా తగిలేది మందుల తయారీలో. బాలానగర్‌లో ఐడీపీఎల్ సింథటిక్ డ్రగ్స్ ఫ్యాక్టరీతో మొదలై జీడిమెట్ల, పటాన్‌చెరు, చౌటుప్పల్ దాకా విస్తరించిన బల్క్‌డ్రగ్ పరిశ్రమకు బెంజీన్ వలయానికి ఒక కార్బన్ సమూహం తగిలించే ఫ్రీడెల్-క్రాఫ్ట్స్ చర్య నిత్యావసరం. దానికి పాతకాలం నుంచీ వాడేది అల్యూమినియం క్లోరైడ్. పేరుకు ఉత్ప్రేరకం, తీరుకు ముడిసరుకు. తయారైన కీటోన్ దాన్ని గట్టిగా పట్టుకుని వదలదు కనుక, మోల్‌కు మోల్ కన్నా ఎక్కువే పోయాలి. చివర నీళ్ళు పోసి విడదీస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగ, అల్యూమినియం బురద మిగులుతాయి.

ఫ్రాన్స్‌లో రోడియా కంపెనీ 1990లలో అనిసోల్ నుంచి 4-మిథాక్సీ అసిటోఫినోన్ చేయడానికి జియోలైట్-బీటాను గొట్టంలో నింపి, ముడిసరుకులను దాని మీదుగా పారించింది. పాత పద్ధతిలో కిలో సరుకుకు 4.5 కిలోల వ్యర్థజలం వచ్చేది. కొత్తదాంట్లో 35 గ్రాములు, అందులోనూ 99 శాతం నీళ్ళే. ఘన ఆమ్లాల గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఈ రెండు అంకెలంత బలంగా ఉండవు.

అదే పని రెండు వలయాలున్న నాఫ్తలీన్ అణువుతో చేయబోతే మళ్ళీ పరిమాణం అడ్డొస్తుంది. నొప్పి మందు నాప్రోక్సెన్‌కు దారితీసే కీటోన్ కోసం 2-మిథాక్సీ నాఫ్తలీన్‌ను జియోలైట్-బీటాతో కలిపితే, స్ఫటికం వెలుపల ఒకచోట, రంధ్రం లోపల ఇంకోచోట కొత్త సమూహం తగులుకుంటుంది. మందుకు కావలసింది సన్నగా, బారుగా ఉండే రెండోది. వెలుపలి చర్య త్వరగా జరుగుతుంది, లోపలిది నిదానం. నాప్రోక్సెన్ తయారీలో ప్రపంచంలోనే ముందువరసలో ఉన్న దివీస్ లేబొరేటరీస్ హైదరాబాద్ కంపెనీ కావడంతో తెలుగు కెమిస్టులకు ఈ అణువు బాగా పరిచయం. ఇక్కడ రంధ్రం వెడల్పు చేస్తే వేగం పెరుగుతుంది, ఎంపిక పోతుంది. పెద్ద రంధ్రం ఎప్పుడూ మేలేనని అనుకునేవారికి ఈ ఉదాహరణ చూపించాలి.

తార్నాకలోని ఐఐసీటీలో ఫ్రీడెల్-క్రాఫ్ట్స్ చర్య మీద వేరే దారిలో పని జరిగింది. బి.ఎం. చౌదరి, తర్వాత సంస్థకు డైరెక్టర్ అయిన ఎం. లక్ష్మీకాంతం బృందం మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టిని ఎంచుకుంది. ఈ మట్టి జియోలైట్‌లా గట్టి చట్రం కాదు, పలకల దొంతర. పలకల మధ్యనున్న సోడియాన్ని ఇనుము వంటి లోహాల అయాన్లతో మారిస్తే ఆమ్ల గుణం వస్తుంది. అణువు పెద్దదైతే పలకలు కాస్త ఎడంగా జరిగి చోటిస్తాయి. అనిసోల్ వంటి ఈథర్లకు ఎసైల్ సమూహం తగిలించడంలో ఈ మట్టి పనిచేస్తుందని 1998లో చూపారు. అదే సంస్థలో బెంజారం మహీపాల్ రెడ్డి సల్ఫేట్ తగిలించిన జిర్కోనియా మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. సేంద్రియ రసాయనాల తయారీలో దాని వాడకంపై మేఘశ్యామ్ పాటిల్‌తో కలిసి 2009లో కెమికల్ రివ్యూస్ పత్రికలో రాసిన సమీక్షను ఆ రంగంలో అడుగుపెట్టేవాళ్ళు తప్పక చదువుతారు. పి.ఎస్. సాయిప్రసాద్, ఎన్. లింగయ్య బృందాలు టంగ్‌స్టోఫాస్ఫారిక్ ఆమ్లం వంటి హెటెరోపాలీ ఆమ్లాలను పట్టుకున్నాయి. వాటి ఆమ్ల బలం గొప్పది. లోపం ఒకటే, మిథనాల్‌లోనూ నీళ్ళలోనూ కరిగిపోతాయి. అందుకని వాటిని మరో పదార్థం మీద అద్దడమో, సీజియం లవణంగా మార్చి కరగకుండా చేయడమో తప్పదు.

గ్లిజరాల్ మాడు విషయానికి వస్తే, ఈ కోవ పదార్థాలకు దారి చూపింది జపాన్‌కు చెందిన మిచికాజు హారా బృందం. 2005లో గ్లూకోజ్‌ను మాడ్చి, సల్ఫోనిక్ సమూహాలు తగిలించి బయోడీజిల్ చేశారు. విచిత్రం ఏమిటంటే ఇలాంటి కార్బన్‌కు చెప్పుకోదగ్గ రంధ్రాలే ఉండవు. గ్రాముకు ఒకటి రెండు చదరపు మీటర్ల ఉపరితలం, జియోలైట్-వైలో కొన్ని వందలవంతు. అయినా పనిచేస్తుంది. నీళ్ళనూ మిథనాల్‌నూ ఇష్టపడే సమూహాలు నిండుగా ఉండటంతో కార్బన్ పలకలు ద్రవంలో కాస్త ఉబ్బి, అణువులను తమ మధ్యకు రానిస్తాయని వివరణ. గట్టి గోడల మధ్య దారి వెతకడం మాని, గోడలే జరిగేలా చేశారు. ఐఐసీటీ బృందం గ్లిజరాల్ కార్బన్‌ను తర్వాత విడి కొవ్వు ఆమ్లాలు బాగా ఎక్కువున్న కానుగ నూనె మీద కూడా ప్రయోగించింది. విడి ఆమ్లం, నూనె రెండూ ఒకే పాత్రలో బయోడీజిల్ అయ్యాయి.

ఇది వినగానే రిఫైనరీల్లోకి కూడా ఇదే తేవచ్చుగా అనిపిస్తే, కుదరదు. 700 డిగ్రీల రీజనరేటర్‌లో గాలి తగిలితే కార్బన్ కాలి బూడిదవుతుంది. జియోలైట్ కాలదు. కానుగ నూనె దగ్గర గెలిచినది విశాఖలో ఓడిపోతుంది, విశాఖలో గెలిచినది కానుగ నూనె ముందు తలుపు దగ్గరే నిలబడిపోతుంది. పారేసిన పాలిథిన్ సంచులను విరిచి నూనె చేయాలనుకునేవారికి కష్టం ఇంకా ఎక్కువ. వేల కార్బన్ల ఆ గొలుసు ఏ జియోలైట్ రంధ్రంలోకీ నేరుగా పోదు. ముందు వేడికి కరిగి, స్ఫటికం బయట కొంత విరిగితేనే మిగతా పని.

సల్ఫోనిక్ సమూహాలున్న కార్బన్లకు ఇంకో బలహీనత ఉంది. వేడి మిథనాల్‌లో కొన్ని సమూహాలు ఊడి ద్రవంలోకి జారుకోవచ్చు. అప్పుడు చర్య నడిపేది గట్టి పదార్థమా, కారిపోయిన ద్రవ ఆమ్లమా అన్నది తేల్చాలి. దానికి పద్ధతి సులువు. చర్య సగంలో ఉండగానే వేడిగా వడగట్టి, ఉత్ప్రేరకం లేని ద్రవాన్ని మళ్ళీ వేడిచేయాలి. అప్పుడూ చర్య సాగుతోందంటే ఆమ్లం కారినట్టే. పక్కనున్న ఉస్మానియాలోగానీ మరెక్కడగానీ ఘన ఆమ్లాల మీద ప్రాజెక్టు చేసే విద్యార్థులు, కొత్త పరిశోధన పత్రం చేతికొచ్చినప్పుడు మొదటి వాడకంలో వచ్చిన 98 శాతం దిగుబడిని చూసి ఆగిపోవద్దు. ఐదోసారి వాడినప్పుడు ఎంత వచ్చింది, వేడిగా వడగట్టిన ద్రవం ఏమైంది, ఈ రెండు వివరాలు ఉన్నాయేమో వెతకండి. లేకపోతే ఆ ఉత్ప్రేరకాన్ని మీ ల్యాబులో మీరే పరీక్షించి చూసుకోండి.